బొమ్మ రాకపోతే పెట్టె పాడైనట్టేనా?

మిక్సీ తిరగడం లేదనుకోండి. మీరు ముందుగా ఏం చేస్తారు? దాన్ని తీసుకెళ్ళి పాత సామాన్లవాడికి వేసెయ్యరు కదా! కరెంటు ఉందో లేదో చూస్తారు. ప్లగ్గు వదులుగా ఉందేమోనని అదిమి చూస్తారు. జారు సరిగ్గా కూర్చుందా అని తిప్పి చూస్తారు. అడుగున ఉండే ఎర్ర బొత్తాం నొక్కి చూస్తారు. అప్పటికీ తిరగకపోతేనే మెకానిక్కుకి కబురు. పెరుగు తోడుకోకపోయినా అంతే. పాలు మరీ చల్లారిపోయాయా, తోడు చాలలేదా, చలి ఎక్కువగా ఉందా అని ఒక్కొక్కటే ఆలోచిస్తాం. ఈ పద్ధతి మనకెవరూ పుస్తకం పెట్టి నేర్పలేదు. వంటింట్లో నిలబడగా నిలబడగా వచ్చింది.

ఇదే పద్ధతి నలభై ఏళ్ళ నాటి కంప్యూటర్‌కి కూడా పనికొస్తుందంటే నవ్వుతారేమో! నవ్వినా ఫరవాలేదు గానీ, చివరిదాకా చదవండి. మీ అటక మీద కూడా నోరు మూసుకున్న పెట్టె ఏదో ఒకటి ఉండే ఉంటుంది. కంప్యూటరే కానక్కర్లేదు. పాత టేప్‌రికార్డరో, వీసీఆరో, రేడియోనో.

మా నాన్నగారు లెక్కల మాస్టారు. 1984-85లో కేంద్ర ప్రభుత్వం 'క్లాస్' అనే పేరుతో బడుల్లో కంప్యూటర్ చదువు మొదలుపెట్టింది. అప్పుడు దేశంలో చాలా పాఠశాలలకు బీబీసీ మైక్రో అనే కంప్యూటర్లు వచ్చాయి. ఆయన పనిచేసే బడికి కూడా రెండు వచ్చాయి. కొన్నేళ్ళకి అవి పాతబడిపోయాయని బడివాళ్ళు వేలం వేస్తే, ఒకటి నాన్నగారే పాడుకుని ఇంటికి తెచ్చుకున్నారు. రాత్రి భోజనాల వేళ కూడా దాని ముందే కూర్చునేవారు. "అన్నం చల్లారిపోతోంది, ఆ పెట్టె ఎక్కడికీ పారిపోదు" అని అమ్మ కేకలేస్తూనే ఉండేది. 2009లో నాన్నగారు పోయాక పెట్టె అటకెక్కింది. దాంతోపాటు ఆయన ప్రోగ్రాములు దాచుకున్న పదకొండు క్యాసెట్లు కూడా.

కిందటి సంక్రాంతికి బందరులో అమ్మ ఇంటి అటక దులుపుతుంటే అవన్నీ బయటపడ్డాయి. అమ్మకిప్పుడు డెబ్బై ఎనిమిదేళ్ళు. క్యాసెట్ల పెట్టె ఒళ్ళో పెట్టుకుని, "ఇన్నేళ్ళూ రాత్రిళ్ళు కూర్చుని ఈయన రాసిందేమిటో నాకు ఒక్కసారి చూపించవే" అంది. ఆవిడ అలా నోరు తెరిచి ఏదీ అడగదు. అందుకే ఆ మాట నా మనసులో నాటుకుపోయింది.

ఒక కంప్యూటర్ల షాపుకి తీసుకెళితే, ఆ అబ్బాయి పెట్టె తెరవనైనా తెరవకుండా, "ఇది మ్యూజియం సరుకు ఆంటీ! బొమ్మ రాదు. పారేసి కొత్త ల్యాప్‌టాప్ తీసుకోండి" అన్నాడు. మనకి కావలసింది ల్యాప్‌టాప్ కాదుగా! నాన్నగారి క్యాసెట్లు చదివేది ఆ పెట్టె.

అసలీ పెట్టె సంగతి రెండు ముక్కల్లో చెబుతాను. ఇంగ్లండులో బీబీసీ వాళ్ళు జనానికి కంప్యూటర్ నేర్పాలని టీవీ కార్యక్రమాలు తలపెట్టారు. వాటికి తోడుగా కేంబ్రిడ్జిలోని ఏకార్న్ అనే కంపెనీ చేత ఈ యంత్రాన్ని చేయించారు. 1981 డిసెంబరులో బయటికొచ్చింది. దీని జ్ఞాపకశక్తి మొత్తం 32 కిలోబైట్లు. ఇప్పుడు మీ ఫోనులో తీసే ఒక్క ఫోటో కూడా అందులో పట్టదు. దీంట్లో వాడే బేసిక్ భాషను రాసింది సోఫీ విల్సన్ అనే ఆవిడ. ఆ తరువాత ఆవిడే ఆర్మ్ అనే చిప్పుకి ఆదేశాల పట్టిక తయారుచేశారు. మొదటి ఆర్మ్ చిప్పు 1985లో పనిచేసింది. ఈనాడు మన చేతుల్లో ఉన్న ఫోన్లలో నూటికి తొంభైపైగా ఆ వంశానివే. అంటే మ్యూజియం సరుకని ఆ అబ్బాయి తోసేసిన పెట్టె, అతని జేబులోని ఫోనుకి అమ్మమ్మ వరస అన్నమాట!

ఇక రిపేరు సంగతికి వద్దాం. మొట్టమొదటి మాట ప్రాణం గురించి. ఏళ్ళ తరబడి మూలపడ్డ ఏ పాత యంత్రాన్నీ అటక మీంచి దించగానే ప్లగ్గులో పెట్టకండి. ఈ బీబీసీ పెట్టెలో కరెంటు వచ్చేచోట కాగితపు పొరలతో చేసిన రెండు చిన్న కండెన్సర్లుంటాయి. పాతబడ్డాక వాటి పైపెంకు బీటలు వారి, లోపలికి తేమ చేరుతుంది. కరెంటు ఇచ్చిన కాసేపటికే ఢామ్మని పగిలి, ఇల్లంతా కంపు పొగ కమ్ముతుంది. కాబట్టి ముందు అవి మార్పించాలి. ఈ పని మాత్రం మనం చేసేది కాదు. ప్లగ్గు తీసేసినా ఆ కరెంటు డబ్బాలో 300 వోల్టులకు పైగా నిలవ ఉండొచ్చు. మా పేటలో పాతకాలం టీవీలు బాగుచేసే ముసలాయన ఒకరున్నారు. ఆయన ఆ రెండు కండెన్సర్లూ మార్చి, మీటరు పెట్టి చూసి, "ఐదు వోల్టులు సరిగ్గా వస్తోందమ్మా, గుండె బాగానే ఉంది" అన్నారు. ఈ యంత్రానికి ముఖ్యంగా కావలసింది ఐదు వోల్టులు. అది 4.75కి తగ్గకూడదు, 5.25కి మించకూడదు.

ఇంటికి తెచ్చి స్విచ్చి వేశాను. టీవీలో బొమ్మ లేదు. కానీ పెట్టె 'బూ...' అని ఒకసారి, వెంటనే సన్నగా 'బీప్' అని ఒకసారి అరిచింది. వంటింట్లోంచి అమ్మ గబగబా వచ్చేసింది. "ఇదేనే! రోజూ ఇలాగే రెండుసార్లు అరిచేది. ఎప్పుడైనా ఆ మొదటి మోత ఆగకుండా మోగితే, మీ నాన్న తల పట్టుకునేవారు" అంది.

చూశారా! సర్వీసు పుస్తకంలో రాసి ఉన్నదీ అదే. రెండు మోతలూ వస్తే మెదడు పనిచేస్తున్నట్టు. ఒకే మోత ఆగకుండా వస్తే మెదడు దగ్గరే తేడా ఉన్నట్టు. అమ్మకి కంప్యూటర్ తెలియదు. కానీ కుక్కర్ విజిల్ విని పప్పు ఉడికిందో లేదో చెప్పే చెవి అది. ఏ పుస్తకమూ చూడకుండా సగం రోగం తేల్చేసింది. పెట్టె బతికే ఉంది. దాని మాట మన కంటిదాకా రావడం లేదు, అంతే. ఇక ఆ దారిలో అడ్డు ఎక్కడుందో వెతకాలి.

వెతకడం ఎప్పుడూ బయటినుంచి లోపలికి. తేలికైనదీ, ఖర్చు లేనిదీ ముందు. ఈ పెట్టె వెనకాల బొమ్మ బయటికొచ్చే దారులు మూడున్నాయి. మొదటిది ఏరియల్ వైరులాంటిది. టీవీలో యూహెచ్‌ఎఫ్ 36వ ఛానల్ పట్టుకుంటే బొమ్మ కనబడాలి. కానీ ఏళ్ళు గడిచాక ఆ ఛానల్ అటూ ఇటూ జరిగిపోతుంది. అన్ని టీవీలకీ అందదు కూడా. రెండవది గుండ్రటి, మెలితిప్పి బిగించే సాకెట్. మూడవది ఆరు కన్నాలున్న రంగుల సాకెట్.

నేను రెండోదాన్ని పట్టుకున్నాను. ఆ మెలితిప్పే సాకెట్ ఎక్కడో చూసినట్టుందే అనుకుంటే, వీధి చివర దుకాణానికి పెట్టిన సీసీ కెమెరా వైరుకి ఉండేది అదే! కెమెరాలు బిగించే కుర్రాణ్ణి అడిగితే, ఒక కొసన అది, రెండో కొసన టీవీ పసుపుపచ్చ సాకెట్‌కి సరిపోయే పిన్నూ ఉన్న వైరు ఇచ్చాడు. తగిలించి, టీవీ రిమోట్‌తో ఏవీ నొక్కగానే తెర మీద కదలిక వచ్చింది. అమ్మ చేతులు జోడించేసింది.

కానీ అక్షరాలు అక్షరాల్లా లేవు. ముగ్గు పిండి ఒలికినట్టు చుక్కలూ, విరిగిన గీతలూ. ఇక్కడ చాలామంది ఆశ వదిలేసుకుంటారు. వదలకూడదు. చెడిపోయిన బొమ్మ, అసలు బొమ్మ లేకపోవడం కంటే ఎంతో మేలు. ఎందుకంటే అది మనకేదో చెబుతోంది.

ఈ పెట్టె బొమ్మని ఎనిమిది రకాలుగా చూపిస్తుంది. వాటిని మోడ్ 0 నుంచి మోడ్ 7 దాకా పిలుస్తారు. స్విచ్చి వేయగానే వచ్చేది మోడ్ 7. ఆ ఒక్క మోడ్‌లో మాత్రం అక్షరాల రూపాన్ని తయారుచేసేది ఒక ప్రత్యేకమైన చిప్పు. దాని పేరు ఎస్ఏఏ 5050. మిగిలిన ఏడు మోడ్‌లకీ దాని అవసరమే లేదు. ఒకే వంటింట్లో ఇద్దరు వంటవాళ్ళున్నారనుకోండి. ఒకరు వండినవన్నీ బాగున్నాయి, రెండోవారి పులుసు మాత్రమే చెడింది. అప్పుడు తప్పు పొయ్యిదా? కాదుగా!

తెర మీద ఏమీ చదవలేకపోయినా, మీటలు చూసుకుంటూ 'మోడ్ 4' అని ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టి రిటర్న్ నొక్కాను. తెర ఒక్కసారి నల్లబడి, పైన ఎడమవైపు ఒక చిన్న బాణం గుర్తు, దాని పక్కన మెరుస్తూ ఆరుతూ ఒక గీత. పేరు కొడితే పేరు స్వచ్ఛంగా కనబడింది. మెదడు బాగుంది, జ్ఞాపకం బాగుంది, వైరు బాగుంది, టీవీ బాగుంది. ఇక మిగిలింది ఆ 5050 చిప్పు, దాని చుట్టుపక్కల. రోగం అడుగు పెట్టెలోంచి అంగుళంన్నర మేరకి వచ్చేసింది!

పెట్టె మూత విప్పడానికి నాలుగు మరలు. వెనకాల రెండు, అడుగున రెండు. పక్కనే 'ఫిక్స్' అని రాసి కూడా ఉంటుంది. ప్లగ్గు గోడ నుంచి పూర్తిగా తీసేసి గానీ విప్పకూడదు. ఇంకో జాగ్రత్త. నైలాన్, సింథటిక్ చీర కట్టుకుని ఈ పని చేయకండి. చీర తీసేటప్పుడు చిటపటమంటుంది చూడండి, ఆ కరెంటు మనకి తెలియదు గానీ చిప్పులను చంపేస్తుంది. నూలు చీర కట్టుకుని, గాజులు తీసేసి, ఇనప గొట్టాల కుళాయి ఉంటే దాన్ని ఒకసారి తాకి కూర్చోండి.

మా అబ్బాయి పంపిన సర్వీసు పుస్తకంలోని పటం చూసి, ఐసీ 5 అని రాసి ఉన్న చిప్పుని పట్టుకున్నాను. 28 కాళ్ళ జెర్రిలా ఉంది. అదృష్టమేమిటంటే అది బోర్డుకి అతికించినది కాదు, సాకెట్‌లో గుచ్చినది. పీకేముందు ఫోనుతో ఫోటో తీసుకున్నాను, దాని నొక్కు ఏ వైపుందో తెలియాలి కదా. తిరగేసి గుచ్చితే చిప్పు మాడిపోతుంది. సన్నటి స్క్రూడ్రైవర్‌తో ఈ కొస కొంచెం, ఆ కొస కొంచెం, అట్లకాడతో దిబ్బరొట్టె లేపినట్టు నెమ్మదిగా లేపాను. బయటికి తీసి చూద్దును కదా, కాళ్ళన్నీ నల్లగా ఉన్నాయి. మసి కాదు. వాడకుండా బీరువాలో పెట్టిన వెండి కుంకుమ భరిణె నల్లబడుతుంది చూడండి, అచ్చం అలా! ఆ రోజుల్లో చాలా చిప్పుల కాళ్ళకి వెండి పూత పూసేవారు. గాలిలోని గంధకానికి వెండి నల్లబడుతుంది. ఆ నలుపు మధ్యలో అడ్డుపడి, కరెంటు కాసేపు వెళ్ళి కాసేపు ఆగుతుంది. అక్షరాలు ముక్కలైపోవడం అందువల్లే.

వెండి అనగానే మీలో కొందరు చింతపండు, విభూతి అని లేచే ఉంటారు. వద్దమ్మా వద్దు! చింతపండు పులుపు సందుల్లో మిగిలిపోయి, తరువాత రాగినే తినేస్తుంది. విభూతి పొడి సాకెట్ కన్నాల్లో ఇరుక్కుంటుంది. పెన్సిల్ రాత చెరిపే తెల్ల రబ్బరుతో ఒక్కొక్క కాలూ మెల్లగా రుద్ది, రజను దులిపి, మెకానిక్కుల దగ్గర దొరికే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన దూదితో తుడిచాను. సాకెట్‌లో కూడా రెండు చుక్కలు వేసి, పూర్తిగా ఆరనిచ్చాను. నొక్కు చూసుకుని, అన్ని కాళ్ళూ కన్నాల్లోకి దిగుతున్నాయో లేదో గమనించి, రెండు బొటనవేళ్ళతో సమంగా అదిమాను.

స్విచ్చి వేస్తే... బూ, బీప్. తెర మీద 'బీబీసీ కంప్యూటర్ 32కె' అని ముత్యాల్లాంటి అక్షరాలు! ఖర్చు కండెన్సర్లకీ, మెకానిక్కుగారి కూలికీ, వైరుకీ అయిందే. రబ్బరు మా మనవరాలిది.

బొమ్మ నలుపు తెలుపుల్లోనే ఉందేమిటని అమ్మ అడిగింది. అది జబ్బు కాదు. ఆ గుండ్రటి సాకెట్‌లోంచి రంగులు రాకుండానే చాలా పెట్టెలు తయారయ్యాయి. బోర్డు మీద ఒక చిన్న అతుకు వేస్తే రంగులు కూడా వస్తాయి. ఇంకా స్పష్టమైన రంగులు కావాలంటే ఆరు కన్నాల సాకెట్ వాడాలి. కానీ దాన్ని నేరుగా ఇప్పటి కంప్యూటర్ మానిటర్‌కి కలిపితే సాధారణంగా బొమ్మ రాదు. ఈ పెట్టె సెకనుకి 15,625 గీతలు గీస్తే, మామూలు వీజీఏ మానిటర్ కనీసం 31 వేల పైచిలుకు కావాలంటుంది. మధ్యలో ఒక మార్పిడి పెట్టె పెట్టాలి. అసలు లోపమేదో, తయారీలోనే ఉన్న తీరేదో తెలుసుకోకపోతే, లేని రోగానికి మందు వేస్తూ బాగున్నదాన్ని కూడా పాడుచేస్తాం.

ఇక క్యాసెట్లు. వాటిని కూడా తొందరపడి తిప్పలేదు. టేప్‌రికార్డర్ హెడ్డు దూదితో తుడిచి, ముందు ఒక్కొక్క క్యాసెట్‌నీ మా అబ్బాయి కంప్యూటర్‌లోకి శబ్దంగా ఎక్కించి పెట్టాడు. టేపు తెగిపోయినా శబ్దం మిగులుతుంది కదా. వింటే చెవులు గింగురుమనే కీచుమోత. ఆ కీచుమోతలోనే ఉంది నాన్నగారి రాత. పదకొండింట్లో నాలుగు టేపులు బూజుపట్టి పలకలేదు. ఏడు పలికాయి.

మూడో క్యాసెట్‌లో ఉంది, ఆయన రాత్రిళ్ళు కూర్చుని రాసింది. ఎక్కాల ప్రోగ్రామ్. రెండో ఎక్కం నుంచి ఇరవయ్యో ఎక్కం దాకా ఒక్కొక్కటే అడుగుతుంది. జవాబు సరైతే చిన్న పాట మోగుతుంది. తప్పయితే ఏ మోతా లేదు. అదే లెక్క మళ్ళీ అడుగుతుంది, అంతే. ఎందుకలా అని ప్రోగ్రామ్‌ను వరస వరసా తెర మీద చూస్తే, మధ్యలో ఒకచోట, యంత్రం పట్టించుకోకుండా మనిషి కోసమే రాసుకునే వరస ఒకటుంది. తెలుగు లిపి లేదు కాబట్టి ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకున్నారు. "తప్పు చెబితే బెల్లు కొట్టకూడదు. పక్కవాళ్ళు నవ్వుతారు. వాడు మళ్ళీ బడికి రాడు."

నేను చదివి వినిపించాను. అమ్మ చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత, "క్లాసులో బెత్తం లేకుండా అడుగుపెట్టని మనిషి" అంది మెల్లగా. నలభై ఎనిమిదేళ్ళు కాపురం చేసిన మనిషి గురించి ఆవిడకి ఆ రోజు కొత్తగా ఒక సంగతి తెలిసింది. ఆ పెట్టెను పాత సామాన్లవాడికి వేసుంటే అది తెలిసేదే కాదు. ఇప్పుడు మా మనవరాలు ఆ ప్రోగ్రామ్‌తోనే పదమూడో ఎక్కం నేర్చుకుంటోంది.

ఇంతకీ చెప్పొచ్చేదేమిటంటే, మీ ఇంట్లో కూడా అలాంటి పెట్టె ఉంటే ఈ నాలుగు మాటలూ గుర్తుంచుకోండి.

ఒకటి: బొమ్మ రానంత మాత్రాన పెట్టె చచ్చినట్టు కాదు. చెవిపెట్టి వినండి, దీపం వెలుగుతోందేమో చూడండి. ఇంట్లో పెద్దవాళ్ళని అడగండి. అది బాగున్నప్పుడు ఎలా ఉండేదో వాళ్ళకే తెలుసు.

రెండు: వైరు, సాకెట్, టీవీ ముందు. పెట్టె లోపల ఆఖర్న. ఒకసారికి ఒక్కటే మార్చండి. నాలుగూ ఒకేసారి మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు.

మూడు: కరెంటు డబ్బాను తెలిసినవాళ్ళకే వదలండి. పాత లావుపాటి టీవీ వెనక మూత ఎట్టి పరిస్థితుల్లోనూ విప్పకండి. ఆ గొట్టంలో ప్లగ్గు తీసేశాక కూడా వేల వోల్టులు దాగి ఉండొచ్చు.

నాలుగు: క్యాసెట్లు, వీడియో టేపులు ఉంటే పనిచేసే యంత్రం దొరికిన రోజునే నకలు తీయించండి. యంత్రాన్ని బాగుచేసుకోవచ్చు గానీ, బూజుపట్టిన టేపును వెనక్కి తెచ్చుకోలేం. పొడిగా ఉండే చోట, నిలబెట్టి దాచండి.

షాపులో అబ్బాయిలు "ఇది అయిపోయింది ఆంటీ" అంటే మారు మాట్లాడకుండా వచ్చేయకండి. "ఏది అయిపోయింది బాబూ? ఎలా తెలిసింది?" అని అడగండి. వాళ్ళ దగ్గర జవాబు లేకపోతే, పెట్టె చంకన పెట్టుకుని ఇంటికొచ్చేయండి. మిక్సీకీ, గ్రైండర్‌కీ, గ్యాసు పొయ్యికీ మందు కనిపెట్టిన చేతులు మనవి. ఓపిక మన దగ్గర ఎప్పుడూ ఉన్నదే. కావలసిందల్లా ఒక తెల్ల రబ్బరు, ఒక మధ్యాహ్నం తీరిక.